రెండు సెకన్లలో లేచే టెంటు బైకుకు నప్పుతుందా?

సంచిలోంచి తీసి గాలిలోకి విసిరితే చాలు, నేల మీద పడేసరికి టెంటు సిద్ధంగా నిలబడి ఉంటుంది. ఫ్రెంచి సంస్థ డెకథ్లాన్ 2005లో క్వెచువా పేరుతో ఇలాంటి టెంటును తెచ్చి, దానికి ‘రెండు సెకన్లు’ అనే పేరే పెట్టింది. రోజంతా బైకు నడిపి, చీకటి పడ్డాక గండికోటకో లంబసింగికో చేరినవారికి ఇంతకంటే కావలసిందేముంది అనిపిస్తుంది. అయితే ఆ వేగం ఎలా వస్తుందో తెలుసుకుంటే, ఆ టెంటు బైకుకు ఎందుకు నప్పదో కూడా అర్థమవుతుంది.

దాని అస్థిపంజరం ఒక వలయం. ఫైబర్‌గ్లాస్‌తోనో స్ప్రింగు ఉక్కుతోనో చేసిన సన్నని కడ్డీని వంచి రెండు కొసలూ కలిపేస్తారు. మడిచేటప్పుడు మన చేతులు పెట్టిన బలమంతా ఆ వంపులో శక్తిగా నిలవ ఉంటుంది. పట్టీ విప్పగానే టెంటును లేపి నిలబెట్టేది ఆ శక్తే. మరి కొసలు లేని వలయాన్ని మడవడం ఎలా? కోత మిల్లులో పొడవాటి బ్యాండ్‌సా బ్లేడును, అంటే కొసలు కలిపి వలయంగా చేసిన రంపపు పట్టీని, చుట్టిపెట్టే పనివాడిని గమనించండి. బ్లేడు అడుగు భాగాన్ని కాలితో నొక్కిపట్టి, పై భాగాన్ని మెలితిప్పుతూ కిందికి వంచుతాడు. అది మూడు చుట్టలుగా ఒదిగిపోతుంది. రెండు చుట్టలుగా మాత్రం ఒదగదు. ఒక్క మడతతో ఆపితే బ్లేడులో ఒక మెలిక చిక్కుకుపోయి ఎదురు తంతుంది. రెండో మడత వ్యతిరేక దిశలో పడినప్పుడు ఆ మెలిక విడిపోతుంది, అప్పటికి చుట్టలు మూడవుతాయి. కణంలో డీఎన్ఏ ఎలా మెలికలు తిరిగి ఒదుగుతుందో లెక్కకట్టడానికి శాస్త్రవేత్తలు వాడేది కూడా ఈ గణితమే. ఒక టెంటు మడతలో ఇంత ఉందంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

మూడు చుట్టలంటే వ్యాసం మూడో వంతుకు తగ్గుతుంది, అంతే. ఇద్దరు పడుకునే టెంటు వలయం చుట్టుకొలత ఆరున్నర మీటర్లనుకుంటే, మడిచిన బిళ్ల అడ్డం దాదాపు 70 సెంటీమీటర్లు వస్తుంది. ఇంకా చిన్నది కావాలంటే, రెండులాగే నాలుగూ కుదరదు కాబట్టి, ఐదు చుట్టలు వేయాలి. అంత వంపుకు కడ్డీ విరిగే ప్రమాదం ఉంది. ఈ బిళ్లను సీటు వెనక నిలువుగా కట్టి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, గాలి నేరుగా తగిలినప్పుడు దాని మీద పడే బలం సుమారు 12 కిలోల బరువుతో సమానం. నడిపేవారి వీపు కొంత అడ్డుకుంటుంది. పక్క నుంచి లారీ దూసుకుపోయినప్పుడు వచ్చే గాలికి ఆ అడ్డు కూడా ఉండదు. కారు డిక్కీలో పెట్టుకునేవారికి ఇది చక్కని వస్తువే, బైకుకు మాత్రం వద్దంటాను.

తాడు లాగితే గొడుగులా విచ్చుకునే రకం ఇంకొకటి ఉంది. మడిచినా చాలావాటి పొడవు మీటరు దగ్గర ఉంటుంది, బరువూ ఎక్కువే.

నా ఓటు మామూలు గుమ్మటం టెంటుకే. దాని అల్యూమినియం కడ్డీల ముక్కల గుండా ఎలాస్టిక్ తాడు పోతుంది కాబట్టి విదిలిస్తే అవే ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. ముక్క ఎంత పొడవుంటే మూట అంత పొడవు. 40, 45 సెంటీమీటర్ల ముక్కలున్నది దొరికితే మూట బైకు వెనక అడ్డంగా పడుకుంటుంది. చేయి తిరిగినవారికి అయిదు నిమిషాల పని. అసలు వేగం తేలేది వానలో. లోపలి గుడారం ముందు వేసి, పై కవరు తర్వాత కప్పే రకమైతే ఆ మధ్యలో పడక తడిసిపోతుంది. రెండూ ముందే జతచేసి ఉండి ఒకేసారి లేచేదాన్ని ఎంచుకోండి.

గండికోటలో పెన్నా లోయ అంచున నేల చాలాచోట్ల బండరాయి, మేకు దిగదు. సొరంగం ఆకారపు టెంట్లు మేకులు లేకుండా నిలబడలేవు. గుమ్మటం దానంతటదే నిలబడుతుంది, తాళ్లను పెద్ద రాళ్లకు కట్టుకుంటే సరిపోతుంది.

లంబసింగి చలిరాత్రి పెట్టే పరీక్ష వేరు. ఆకాశం నిర్మలంగా ఉంటే టెంటు పై బట్ట తన వేడిని ఆకాశంలోకి వదులుకుంటూ చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడుతుంది. మన ఊపిరిలోని తేమ దానికి తగిలి నీటిబొట్లవుతుంది. ఒంటిపొర టెంటులో అవి నేరుగా దుప్పటి మీదే రాలతాయి. రెండు పొరలుంటే పై బట్ట లోపలి వైపున జారి కిందికి దిగుతాయి. పైభాగంలో గాలి పోయే కిటికీ ఉందో లేదో కొనేటప్పుడే చూడాలి, చలి వేసినా దాన్ని మూయకూడదు.

పొద్దున్నే ఆ తడి టెంటునే చుట్టి బైకుకు కట్టక తప్పదు. కట్టేటప్పుడు సైలెన్సర్‌కు దూరంగా ఉంచండి. నైలాన్ సుమారు 220 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది, పొడవైన ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చిన బైకు గొట్టం ఆ వేడిని అందుకోగలదు. ఇల్లు చేరగానే మూట విప్పి నీడపట్టున ఆరేయాలి. బట్ట లోపలి పాలీయురెథేన్ పూత తేమలో, వేడిలో రోజుల తరబడి ఉంటే నీటితో చర్య జరిపి విచ్ఛిన్నమవుతుంది, జిగటగా మారి పొరలు పొరలుగా ఊడిపోతుంది. అలా ఊడిన టెంటు మళ్లీ వాన ఆపదు.