గంజాయి కొట్టుకి వ్యాపారులే సై అన్నారా? అపోహలు - వాస్తవాలు

"ఏరా, గంజాయి కొట్టుకి లెక్కలు రాస్తున్నావంట?" అని గుంటూరు నుంచి మా పెదనాన్న ఫోన్లో నిలదీశాడు. రాస్తున్నాను, లైసెన్సున్న కొట్టుకే. కెనడాలోని మిసిసాగాలో కిరాణా, బిర్యానీ హోటళ్లు, సెలూన్ల లెక్కలు కూడా చూస్తాను. 2023 ఏప్రిల్‌లో మా సిటీ కౌన్సిల్ ఈ దుకాణాలకు సరేనన్నప్పుడు నా ఖాతాదారుల్లో చాలామంది సంతోషించారు. వాళ్లలో గంజాయి ముట్టేవాళ్లు ఉన్నారో లేదో నేను అడగలేదు.

అపోహ: కౌన్సిల్ వద్దంటే ఊళ్లోకి గంజాయి రాదు.

వాస్తవం: కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచే ఇది చట్టబద్ధం. మా ఊరున్న ఒంటారియో ప్రావిన్స్‌లో (ప్రావిన్స్ అంటే మన రాష్ట్రం లాంటిది) దుకాణాలు వద్దనుకునే నగరాలు 2019 జనవరి 22 లోగా చెప్పాలన్నారు. మిసిసాగా వద్దంది. ఆనుకునే ఉన్న బ్రాంప్టన్, టొరంటో సరేనన్నాయి. కావలసినవాడు కారెక్కి అటు వెళ్లాడు, వెళ్లినవాడు తిండీ సరుకులూ కూడా అక్కడే కొనుక్కున్నాడు. పైగా ప్రభుత్వ సంస్థ ఒంటారియో కన్నాబిస్ స్టోర్ ఆన్‌లైన్ ఆర్డర్లు మా ఊరి ఇళ్లకూ పంపుతూనే ఉంది. ఈలోగా లైసెన్సు లేని కొట్లు వెలిశాయి. మేం వద్దన్నది లైసెన్సు అడిగేవాణ్ణి, లేనివాడు మమ్మల్ని అడిగి రాలేదు. వ్యాపారుల మద్దతుకి అసలు కారణం ఇదే. ఆ అడ్డదారి కొట్టు పక్కన షట్టరెత్తి కూర్చునే సెలూన్ ఆయనకు, వయసు చూసి సరుకిచ్చే దుకాణం వెయ్యిరెట్లు నయం.

అపోహ: ఊరికి పన్నులు వచ్చిపడతాయి.

వాస్తవం: ఈ మాట ఏ వ్యాపారి చెప్పినా నమ్మకండి. బిల్లు మీద పడే 13 శాతం అమ్మకపు పన్ను (హెచ్‌ఎస్‌టీ) కేంద్రానికీ ప్రావిన్స్‌కీ పోతుంది, నగరానికి పైసా రాదు. ఎక్సైజు సుంకంలో మిగులు వాటా ఇస్తామని ప్రావిన్స్ అన్నది కూడా, 2019 గడువులో దుకాణాలు వద్దనని నగరాలకే. మాకు మిగిలేది ఆస్తి పన్ను. అది ఆ గదిలో ఇడ్లీ కొట్టు పెట్టినా వస్తుంది.

అపోహ: కొట్టు తెరిస్తే డబ్బే డబ్బు.

వాస్తవం: నా పుస్తకాల్లో అలా కనబడదు. సరుకు ఒక్క ప్రభుత్వ హోల్‌సేలర్ దగ్గరే కొనాలి. అంటే పక్క కొట్టులో ఉన్నదే మీ కొట్టులోనూ ఉంటుంది, పోటీ అంతా ధర మీదే. బడికి 150 మీటర్ల లోపు పెట్టకూడదు గానీ, కొట్టుకీ కొట్టుకీ మధ్య ఇంత దూరం ఉండాలన్న నియమం లేదు. వీధిలో మూడోది తెరిచిన రోజున మొదటివాడి లాభం కరగడం మొదలవుతుంది. లీజు మీద సంతకం పెట్టేముందు ఈ లెక్క వేసుకోండని నేను మొత్తుకుంటూ ఉంటాను.

అపోహ: ఎక్కడ పెట్టాలో నగరమే చూసుకుంటుంది.

వాస్తవం: చూసుకోలేదు. లైసెన్సులిచ్చేది ఆల్కహాల్ అండ్ గేమింగ్ కమిషన్ ఆఫ్ ఒంటారియో. ఈ కొట్ల కోసం నగరం విడిగా జోనింగ్ (ఏ స్థలంలో ఏ వ్యాపారం పెట్టొచ్చన్న నియమం) గానీ లైసెన్సు గానీ పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. దరఖాస్తు వచ్చాక అభ్యంతరాలకు 15 రోజుల గడువు, అంతే. ఒకసారి సరేనంటే వెనక్కి తీసుకునే వీలూ లేదు. మద్దతిచ్చిన మావాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. నాకు గుచ్చుకునేది అదే.

అపోహ: పిల్లలు లోపలికి దూరిపోతారు.

వాస్తవం: 19 ఏళ్లు నిండనివాళ్లకు ప్రవేశమే లేదు, అమ్మానాన్న వెంట ఉన్నా సరే.

అపోహ: ఇక్కడ చట్టబద్ధమేగా, ఇండియాకి రెండు గంజాయి గమ్మీ (జెల్లీ మిఠాయి) ప్యాకెట్లు పట్టుకెళ్లొచ్చు.

వాస్తవం: వద్దు బాబూ. డాక్టరు చీటీ ఉన్నా గంజాయితో కెనడా సరిహద్దు దాటడం నేరం, దిగాక హైదరాబాద్‌లో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ఉంటుంది. పక్కనున్న అమెరికాకీ ఇదే మాట. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో అమ్ముతున్నారు గదా అంటారు, సరిహద్దులో నిలబడేది ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ అధికారి, ఆయనకు రాష్ట్ర చట్టంతో పనిలేదు.