పీ-320: ‘స్వచ్ఛందం’ అన్న మాట దగ్గర మొదలైన తగువు

అమెరికా తుపాకుల కంపెనీ సిగ్ సావర్ తయారుచేసే పీ-320 పిస్టల్ మళ్లీ వార్తల్లోకెక్కింది. ట్రిగ్గర్ మీద వేలు పడకుండానే పేలుతోందన్న ఆరోపణతో 2025 అక్టోబర్‌లో న్యూజెర్సీ రాష్ట్రమే కంపెనీ మీద కోర్టుకెక్కింది. బాధితులు, పోలీసులు విడివిడిగా వేసిన కేసులు ఒక ఎత్తు, ఒక రాష్ట్ర ప్రభుత్వం వాదిగా నిలబడడం ఇంకో ఎత్తు. డాలస్ శివార్లలో ఇంటి రక్షణ కోసమని పిస్టల్ కొనుక్కున్న మనవాళ్లు కూడా ఇప్పుడు బీరువా తీసి, తమ దగ్గరున్నది ఏ మోడలో చూసుకుంటున్నారు.

ముందుగా ఒక మాట. ఇలాంటి వార్తకు మన పేపర్లు ‘గన్ మిస్‌ఫైర్’ అని హెడ్డింగ్ పెడతాయి. మిస్‌ఫైర్ అంటే నొక్కినా పేలకపోవడం. ఇక్కడి గొడవ దానికి సరిగ్గా తలకిందులు. ఇంకో మాట. సిగ్ సావర్ అనగానే 2019లో మన సైన్యం ఆర్డరిచ్చిన 72,400 సిగ్-716 రైఫిళ్లు చాలామందికి గుర్తొస్తాయి. అవి వేరు, ఈ పిస్టల్ వేరు. ఈ తగువుతో వాటికి సంబంధం లేదు.

చేతి తుపాకీ కొని నిరాశపడ్డవాళ్ల ఫిర్యాదులు మామూలుగా చిన్నవే. గురి కుదరలేదనో, తూటా ఇరుక్కుంటోందనో, ట్రిగ్గర్ మరీ గట్టిగా ఉందనో అంటారు. కొన్నాళ్లు చూసి అమ్మేసి ఇంకోటి తెచ్చుకుంటారు. పీ-320 విషయంలో ఆ చిరాకులేవీ లేవు. గురి బాగుంది, చేతికి పట్టు బాగుంది, పిడి మార్చుకునే వీలుంది. 2014లో వచ్చినప్పుడు షాపుల వాళ్లు కూడా మెచ్చుకునే అమ్మారు. అందుకే దెబ్బ గట్టిగా తగిలింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నది వీళ్ల విషయంలో సరిగ్గా కుదిరింది.

కంపెనీ పుట్టు పూర్వోత్తరాలు, పీ-250 అనే పాత మోడల్ నుంచి ఇది ఎలా పుట్టిందన్న కథ ఇప్పుడు పక్కన పెడదాం. ఈ రోజు నడుస్తున్న వాదనలన్నీ 2017 ఆగస్టులో నాలుగైదు రోజుల్లో జరిగినదాని నుంచే వచ్చాయని నా లెక్క.

ఆ నెల మొదట్లోనే డాలస్ పోలీసు శాఖ ఈ పిస్టల్ వాడకాన్ని ఆపేసింది. ఆగస్టు 4న కనెటికట్ రాష్ట్రంలో ఒక పోలీసు అధికారి కేసు వేశాడు. ఆ ఏడాది జనవరిలో ఒరలో ఉన్న పిస్టల్ కింద పడి పేలిందని, తూటా తన కాలికి తగిలిందని అతని ఆరోపణ. సరిగ్గా అదే రోజు కంపెనీ ఒక ప్రకటన ఇచ్చింది. అమెరికా కమర్షియల్ మార్కెట్‌లో పీ-320 కింద పడి పేలిన ఘటన ఒక్కటీ తమ దృష్టికి రాలేదన్నది దాని సారాంశం. ‘కమర్షియల్ మార్కెట్’ అన్న మాటను తర్వాత యజమానులు పట్టుకుని పదేపదే చదివారు. పోలీసు శాఖ కొన్న తుపాకీ కమర్షియల్ మార్కెట్ కిందికి వస్తుందా? రాదు కదా! మాట అబద్ధం కాదు, కానీ నిజం మొత్తం అందులో లేదు.

ఆగస్టు 7న నెబ్రాస్కాలోని ఒమాహా అవుట్‌డోర్స్ అనే తుపాకుల దుకాణం ఒక వీడియో పెట్టింది. అందులో హడావుడి ఏమీ లేదు. ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే భాగం) మాత్రమే ఉన్న ఖాళీ తూటా గొట్టాన్ని పిస్టల్‌లో పెట్టి, వెనక భాగం ముందుగా నేలకు తగిలేలా, కొంచెం వాలుగా వదిలారు. పిస్టల్ నేల తాకింది, టప్పుమంది. మళ్లీ వదిలారు, మళ్లీ టప్పుమంది. ఏ కోణంలో పడినా పేలిందని కాదు. సుమారు 30 డిగ్రీల వాలులో, స్లైడ్ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కూ జరిగే భాగం) వెనక అంచు మీద పడితేనే పేలింది. కానీ చేయి జారి పడే తుపాకీ కోణం చూసుకుని పడదు.

దీని వెనక పెద్ద రహస్యమేమీ లేదు. వేగంగా వెళ్తున్న బస్సు సడన్‌గా బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలతారు. పిస్టల్ వెనక అంచు నేలకు కొట్టుకుని ఆగిపోతే, దాని ట్రిగ్గర్ మాత్రం తన బరువు వల్ల ఇంకా వెనక్కే వెళ్తుంది. అంటే వేలు లేకుండానే ట్రిగ్గర్ తనను తాను నొక్కుకున్నట్టు. గ్లాక్ లాంటి పిస్టళ్లలో ట్రిగ్గర్ మధ్యలో చిన్న నాలుకలాంటిది ఉంటుంది. వేలు దాన్ని కూడా నొక్కితేనే ట్రిగ్గర్ కదులుతుంది. పీ-320లో ఆ నాలుక లేదు. పైగా ట్రిగ్గర్ కాస్త మందం, బరువు ఎక్కువ.

మర్నాడే, అంటే ఆగస్టు 8న, కంపెనీ గొంతు మారింది. కొన్ని కోణాల్లో, కొన్ని పరిస్థితుల్లో, అరుదుగా పేలే అవకాశం ఉందని ఒప్పుకుంది. తమ పిస్టల్ అమెరికా ప్రమాణాలన్నీ దాటిందని చెబుతూనే, తుపాకీ పంపితే ఉచితంగా ట్రిగ్గర్, స్ట్రైకర్ (ప్రైమర్‌ను కొట్టే సూది), సియర్ (ఆ సూదిని పట్టి ఉంచే కొక్కెం) తేలికవి వేసి, అదనంగా ఒక డిస్‌కనెక్టర్ (ట్రిగ్గర్‌కూ సియర్‌కూ మధ్య లంకె తెంపే భాగం) బిగించి ఇస్తామంది. ఆ కార్యక్రమానికి పెట్టిన పేరు ‘వాలంటరీ అప్‌గ్రేడ్’. స్వచ్ఛంద మెరుగుదల! ‘రీకాల్’ అన్న మాట ఎక్కడా లేదు.

నా దృష్టిలో మలుపు ఇదే. రీకాల్ అంటే లోపం ఉంది, వాడకండి, వెనక్కివ్వండి అని. అప్‌గ్రేడ్ అంటే ఉన్నది బాగానే ఉంది, ఇంకా బాగు చేసుకుంటారా అని. కార్ల కంపెనీలు ఎయిర్‌బ్యాగ్ తేడా వస్తే రీకాల్ అంటాయి, జనం వెళ్లి మార్పించుకుంటారు, అక్కడితో గొడవ సద్దుమణుగుతుంది. ఇక్కడ ఓనర్‌కు వచ్చిన సందేశం రెండు నాలుకలతో వచ్చింది. పంపాలా, వద్దా అన్నది అతని ఇష్టానికే వదిలేశారు.

కంపెనీకి అలా వదిలేసే వీలు ఎలా వచ్చిందంటే 1972కు వెళ్లాలి. ఆ ఏడాది అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా చట్టం వచ్చింది, దాని అమలుకు ఒక కమిషన్ ఏర్పడింది. ఉయ్యాలలు, బొమ్మలు, టోస్టర్లు ప్రమాదకరమని తేలితే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమని కంపెనీలను ఆదేశించే అధికారం దానికుంది. తుపాకులను మాత్రం ఆ చట్టంలోని ‘వినియోగ వస్తువు’ అన్న నిర్వచనం నుంచే తప్పించారు. పిల్లాడి బొమ్మ తుపాకీలో లోపం ఉంటే ప్రభుత్వం వెనక్కి రప్పించగలదు, వాళ్ల నాన్న అసలు తుపాకీలో ఉంటే రప్పించలేదు. ఆ దేశంలో తుపాకీ లోపం మీద ఆఖరి మాట కంపెనీదే అవుతుంది. లేదంటే కోర్టులో జ్యూరీది. అందుకే న్యూజెర్సీ కూడా కోర్టు తలుపే తట్టాల్సి వచ్చింది.

సైన్యం సంగతి ఇక్కడే చెప్పాలి. 2017 జనవరిలో అమెరికా సైన్యం బెరెట్టా ఎం-9 స్థానంలో పీ-320 ఆధారంగా తయారైన ఎం-17ను ఎంచుకుంది. 58 కోట్ల డాలర్ల వరకూ విలువైన కాంట్రాక్టు అది. ఈ ఎంపికే బజారులో పీ-320కి పెద్ద సర్టిఫికెట్ అయింది. సైన్యమే వాడుతోంది, ఇంకేం కావాలి అని కొన్నవాళ్లు కోకొల్లలు. ఏడాది తర్వాత, 2018 జనవరిలో పెంటగాన్ పరీక్షల విభాగం నివేదిక బయటికొచ్చింది. కింద పడేసే పరీక్షల్లో సైన్యానికి కూడా ఇదే లోపం ఎదురైందని, ట్రిగ్గర్ భాగాలను తేలిక చేసి సరిదిద్దారని అందులో ఉంది. అంటే సైనికుడి పిస్టల్‌కు మందు దొరికింది. అదే జబ్బున్న సామాన్యుడి పిస్టల్‌కు ఎందుకు వెంటనే అందలేదన్నది యజమానుల ప్రశ్న. వాళ్లకు ఇప్పటికీ గొంతు దిగనిది ఇదే.

సైన్యం అడిగి మరీ పెట్టించుకున్నది ఇంకొకటుంది, బొటనవేలితో కదిపే సేఫ్టీ మీట. బజారులో అమ్ముడైన పీ-320ల్లో ఎక్కువ భాగానికి అది లేదు.

2017 తర్వాత కథ రంగు మారింది. మార్పులు చేసిన పిస్టళ్లే, అదీ కింద పడకుండా, ఒరలో ఉండగానో, ఒరలోంచి తీస్తుండగానో పేలాయన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. 2023లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక, తుపాకుల వార్తలు రాసే ది ట్రేస్ కలిసి చేసిన పరిశోధనలో అలా చెప్పినవాళ్లు 100 మందికి పైగా తేలారు. వాళ్లలో శిక్షణ పొందిన పోలీసులు చాలామంది. నడుముకున్న తుపాకీ తన తొడలోకే పేలిందని చెప్పుకోవడం పోలీసుకు నామోషీ. అయినా చెప్పారు.

కంపెనీ మాట మొదటి నుంచీ ఒకటే, ట్రిగ్గర్ నొక్కకపోతే పేలదు. సరిపోని ఒర, ఒరలోకి దూరిన వస్తువు, వాడేవాళ్ల పొరపాటు అంటుంది. చాలా కోర్టుల్లో నెగ్గింది కూడా. 2024లో మాత్రం రెండు చోట్ల జ్యూరీలు దానికి ఎదురు తిరిగాయి. జూన్‌లో అట్లాంటాలో 23 లక్షల డాలర్ల పైచిలుకు, నవంబర్‌లో ఫిలడెల్ఫియాలో 1.1 కోట్ల డాలర్లు చెల్లించమన్నాయి. రెండో కేసులో వాదన అంతా ఆ లేని సేఫ్టీ మీట చుట్టూనే తిరిగింది. ఆర్నెల్లు గడిచాయో లేదో, 2025 మేలో కంపెనీ సొంత రాష్ట్రం న్యూ హాంప్‌షైర్ ఒక చట్టం చేసింది. బయటికి కనిపించే సేఫ్టీ లేదన్న కారణంతో తయారీదారు మీద దావా వేయడం అక్కడ ఇక కుదరదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని అనేవాళ్లు అన్నారు.

వయోమింగ్ ఉదంతం దాటేస్తే అన్యాయమవుతుంది. 2025 జూలైలో అక్కడి వైమానిక స్థావరంలో ఎం-18 (ఎం-17కు పొట్టి తమ్ముడు) పేలి ఒక యువ సైనికుడు చనిపోయాడు. వెంటనే ఆ స్థావరాన్ని చూసే వైమానిక దళ విభాగం ఆ పిస్టళ్లన్నీ పక్కన పెట్టేసింది. నెల తిరక్కుండానే ఇంకో సైనికుడిని అరెస్టు చేశారు. అసలేం జరిగిందో అబద్ధం చెప్పాడన్నది ఆరోపణల్లో ఒకటి. తనిఖీల తర్వాత పిస్టళ్లు మళ్లీ డ్యూటీకొచ్చాయి. కంపెనీ సమర్థకులు ఈ ఒక్క సంఘటననే జెండాలా ఊపుతున్నారు. అదే తనిఖీలో దాదాపు 8 వేల పిస్టళ్లు చూస్తే 191 వాటిలో సేఫ్టీ, స్ట్రైకర్, సియర్ భాగాల్లో తేడాలు కనిపించాయన్న సంగతి ఆ జెండా మీద రాసి లేదు.

పోయిందల్లా నమ్మకం. కంపెనీ ‘పేలదు’ అని ఎంత గట్టిగా అంటే, 2017 ఆగస్టు 4న అన్నదే జనానికి అంతగా గుర్తొస్తోంది. కొన్ని షూటింగ్ రేంజ్‌లు, శిక్షణ సంస్థలు పీ-320తో లోపలికి రానివ్వడం లేదు. బాగా పనిచేసే పిస్టల్ చేతిలో ఉండి కూడా, అందులో తూటా నింపి పెట్టాలంటే టెన్షన్ పడే ఓనర్ల సంగతి ఏ తీర్పులోనూ ఉండదు.

అప్‌గ్రేడ్ స్వచ్ఛందం కాబట్టి వెనక్కి పంపనివాళ్లూ ఉన్నారు. ఆ పాత పిస్టళ్లు ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నాయి. అలాంటిది కొనేవాళ్లు అడగాల్సింది బిల్లు, పెట్టె కాదు. ట్రిగ్గర్‌ను పక్క నుంచి చూడాలి. బొద్దుగా ఉంటే పాతది, సన్నగా ఉంటే మార్చినది.