కమిట్ సందేశాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు వచ్చే మార్పులను పరిశీలించే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ అనే సాధనంలో అలాంటి ఒక్కో మార్పును కమిట్ అంటారు. కోడ్‌లో తప్పులు పట్టుకోవడం కంటే, దానితో పాటు వచ్చే నాలుగు మాటల సందేశాన్ని తిరగరాయించడమే చాలాసార్లు కష్టమవుతోంది. అందుకు కారణం బద్ధకం కాదు, కింది అపోహలే.

అపోహ: మార్పు కోడ్‌లోనే కనిపిస్తుంది కనుక సందేశంలో వివరించనక్కరలేదు.

వాస్తవం: ఏం మారిందో డిఫ్ (పాత, కొత్త కోడ్‌ల తేడా) చూపిస్తుంది కానీ ఎందుకు మారిందో చూపదు. ఒకప్పుడు నేనే ఒక టైమౌట్‌ను (ప్రోగ్రామ్ వేచి ఉండే గడువును) 30 సెకన్ల నుంచి 45 సెకన్లకు పెంచి, సందేశంలో ‘టైమౌట్ మార్పు’ అని మాత్రమే రాసి ఊరుకున్నాను. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్నచోట పెద్ద ఫైళ్లు మధ్యలోనే ఆగిపోతున్నాయన్న సంగతి అప్పుడు జట్టులో అందరికీ తెలుసు. రెండేళ్ల తరువాత చేరిన ఒకరు ఆ 45కు కారణం వెతుకుతూ, ఒక్కో లైనును చివరిగా మార్చిన కమిట్‌ను చూపే గిట్ బ్లేమ్‌ను ఆశ్రయించి, అది చూపిన కమిట్ తెరిచి, అక్కడ నా రెండు మాటలు తప్ప మరేమీ దొరకక, ఆ అంకెను మళ్లీ 30 చేశారు. పాత బగ్ తిరిగి వచ్చింది. తప్పు ఆయనది కాదు, నాది. సమస్య ఏమిటి, అది ఎవరికి ఎలా ఎదురైంది, ఈ పరిష్కారమే ఎందుకు అన్న మూడింటితో పాటు, ప్రయత్నించి వదిలేసిన మార్గాన్ని కూడా రాయాలి. ఈ చివరిది దాదాపు ఎవరూ రాయరు, కానీ తరువాత వచ్చేవారు అదే దారిలో మళ్లీ నడిచి సమయం పోగొట్టుకోకుండా ఆపేది అదే.

అపోహ: సందేశపు శీర్షిక (మొదటి లైను) 50 అక్షరాలు దాటితే గిట్ ఒప్పుకోదు.

వాస్తవం: అది ఆనవాయితీ మాత్రమే. లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) ప్రాజెక్టు మార్గదర్శకాలు శీర్షికకు 70 నుంచి 75 అక్షరాల వరకు అనుమతిస్తాయి. నిజంగా పట్టించుకోవలసింది శీర్షిక తరువాతి ఖాళీ లైనును. మొదటి ఖాళీ లైను వరకు ఉన్నదంతా గిట్‌కు శీర్షికే కనుక, ఆ ఖాళీ లైను పెట్టకపోతే పేరా మొత్తం ఒకే శీర్షికగా లాగ్‌లో (కమిట్ల జాబితాలో) పరుచుకుంటుంది.

అపోహ: ఇష్యూ (ప్రాజెక్టులో నమోదైన సమస్య) నంబరు ఇస్తే చాలు.

వాస్తవం: నంబరు ఇవ్వండి, కానీ సారాంశాన్ని కూడా రాయండి. రిపోజిటరీని (ప్రాజెక్టు కోడ్, చరిత్ర ఉండే చోటును) క్లోన్ చేసినప్పుడు, అంటే నకలు తీసుకున్నప్పుడు, సందేశాలు వెంట వస్తాయి కానీ ఇష్యూ ట్రాకర్‌లోని చర్చ రాదు. ప్రాజెక్టులకు చోటిచ్చిన గూగుల్ కోడ్ అనే సేవ 2016 జనవరిలో మూతపడినప్పుడు ఎన్నో ప్రాజెక్టులు వేరే చోటికి తరలవలసి వచ్చింది. అలాంటి తరలింపులో చరిత్ర భద్రంగా చేరినా, పాత లింకులు పనిచేస్తాయన్న నమ్మకం ఉండదు.

అపోహ: మంచి సందేశానికి గొప్ప ఇంగ్లీషు రావాలి.

వాస్తవం: మన తెలుగువారిలో కొత్తగా అడుగుపెట్టేవారిని ఎక్కువగా వెనక్కు లాగేది ఈ భయమే. చిన్న వాక్యాలు చాలు. కెర్నల్, గిట్ ప్రాజెక్టులు అడిగేది ఆజ్ఞార్థకాన్ని మాత్రమే: ‘ఫిక్స్‌డ్’ అని కాక ‘ఫిక్స్’ అని, అంటే ‘సరిచేశాను’ బదులు ‘సరిచెయ్యి’ అన్నట్టుగా రాయాలి. గిట్ తనంతట తాను రాసే ‘మెర్జ్’ (కలుపు), ‘రివర్ట్’ (మార్పును వెనక్కు తిప్పు) సందేశాలదీ ఇదే పద్ధతి. అయితే శీర్షికలో ‘అండ్’ రాయక తప్పడం లేదంటే లోపం భాషలో కాక కమిట్‌లోనే ఉండవచ్చు. రెండు పనులు కలిసిపోయాయేమో చూసి విడదీయండి. చరిత్రను సగానికి సగం తగ్గిస్తూ వెతికే గిట్ బైసెక్ట్, వెయ్యి కమిట్లలో బగ్ తెచ్చినదాన్ని సుమారు పది పరీక్షలతో పట్టుకుంటుంది. కానీ దొరికిన కమిట్‌లో ఐదు పనులుంటే వెతుకులాట మళ్లీ మొదలవుతుంది, రివర్ట్ చేస్తే మంచి మార్పులు కూడా పోతాయి.

అపోహ: సందేశం చివర రాసే ‘సైన్డ్ ఆఫ్ బై’ లైను పేరు కోసం పెట్టుకునేది.

వాస్తవం: కెర్నల్‌లో 2004లో వచ్చిన ఈ పద్ధతి ఒక ధ్రువీకరణ. ఈ కోడ్‌ను ఆ ప్రాజెక్టు లైసెన్సు కింద ఇచ్చే హక్కు తనకుందని పంపేవారు దానితో ప్రకటిస్తారు. కనుక వేరొకరి పేరుతో ఆ లైనును మీరు చేర్చకూడదు. మీ లైను చేర్చడం మరచిపోతే, తాజా కమిట్ సందేశాన్ని గిట్‌లోని అమెండ్ సదుపాయంతో సవరించి మళ్లీ పంపవచ్చు.