డిసెంట్ కంప్యూటర్ ఆటలో దారి ఎందుకు తప్పుతుంది?

విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర సముద్రానికి ఎదురుగా నిలబడి సెల్‌ఫోన్‌ను అరచేతిలో పెట్టుకోండి. తెర ఆకాశం వైపు, పై అంచు సముద్రం వైపు ఉండాలి. ఫోన్‌ను ఆటలోని ఎగిరే ఓడ అనుకుందాం: ఆ అంచు ఓడ ముక్కు, తెర ఓడ పైకప్పు. ముక్కును 90 డిగ్రీలు పైకి ఎత్తండి. తెర మీకు ఎదురుగా వస్తుంది. తెరను అలాగే ఉంచి ముక్కును కుడికి 90 డిగ్రీలు తిప్పితే అది డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూస్తుంది. మళ్లీ మొదటికి తెచ్చి, వరస మార్చండి: ముందు కుడికి, తర్వాత పైకి. ఈసారి ముక్కు ఆకాశానికి, తెర కైలాసగిరి వైపుకి తిరుగుతాయి. మలుపులు అవే, వరస మారేసరికి ఫలితం మారిపోయింది.

1995 నాటి డిసెంట్ ఆటలో కొత్తవాళ్లు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. పారలాక్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇంటర్‌ప్లే విడుదల చేసిన ఈ ఆటలో పైరో జీఎక్స్ అనే ఓడ గనుల్లో ఎగురుతుంది. ముందువెనకలకు, పక్కలకు, పైకీ కిందికీ జరగడం మూడు రకాల కదలిక. ముక్కు ఎత్తిదించడం, పక్కకు తిరగడం, ఒరగడం మరో మూడు. ఒరిగే మీట ముట్టుకోకపోయినా నాలుగు మలుపులు తిరిగేసరికి ఓడ ఒరిగిపోయి, నేల గోడలా కనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి ఆటో లెవలింగ్ ఉంది. మొదట్లో వాడుకోవచ్చు గానీ, వాలు సొరంగాల్లో గురిపెట్టే సమయానికి ఓడను అదే తిప్పేస్తుంది. అలవాటయ్యాక తీసేయడమే మేలు. అప్పుడు పైకప్పు, నేల అన్న లెక్క మానేసి, తలుపులను, మలుపులను గుర్తుపెట్టుకోవాలి. ట్యాబ్ నొక్కితే మ్యాప్ వస్తుంది. గనిలోని రియాక్టర్‌ను పేల్చి, గడువులోపు బయటపడాలి కాబట్టి పేల్చకముందే మ్యాప్‌లో బయటికి పోయే దారి చూసుకోండి. పేలాక ఓడ ఊగిపోతుంది, గడువు కరిగిపోతుంది.

మనం కదులుతున్నామని కళ్లు చెబుతుంటే, కదలట్లేదని లోచెవి అంటుంది. కొందరికి వికారం పుట్టేది ఈ పేచీ వల్లే. చెమట పట్టగానే ఆపేయాలి. పట్టుబట్టి ఆడితే ఇంకా ముదురుతుంది.

ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చేది వేగం లెక్క. మూడు దిశల తోపునూ ఆట విడివిడిగా లెక్కగట్టి కలిపేస్తుంది, మొత్తానికి హద్దు పెట్టదు. అందుకే ముందుకు, పక్కకు, పైకి ఒకేసారి నొక్కితే వేగం 3 వర్గమూలం రెట్లు, అంటే సుమారు 1.73 రెట్లు అవుతుంది. రెండు దిశలకైతే 1.41. ఆరితేరినవాళ్లు సొరంగాల్లో ఐమూలగా దూసుకెళ్లేది ఇందుకే.

చవక కీబోర్డుతో ఇది కుదరకపోవచ్చు. మీటల కింద అడ్డు, నిలువు తీగల వల ఉంటుంది. ఆ వలలో ఒకే దీర్ఘచతురస్రపు మూడు మూలల్లోని మీటలు నొక్కితే నాలుగోదీ నొక్కినట్టే కనిపిస్తుంది. ఆ పొరపాటు రాకుండా కీబోర్డు మూడోదాన్ని వదిలేస్తుంది. ముందుకు డబ్ల్యూ, పక్కకు ఏ, పైకి స్పేస్ పెట్టుకుని, మూడూ కలిపి నొక్కి చూడండి. ఓడ పైకి లేవకపోతే ఆ పనిని షిఫ్ట్‌కు మార్చండి. చాలా కీబోర్డుల్లో దాని తీగలు వేరుగా ఉంటాయి. ముక్కు తిప్పడం మౌస్‌కు వదిలేయండి.

ఆనాటి 486 ప్రాసెసర్ కంప్యూటర్ మీద ఇదంతా నడవడానికి కారణం గని నిర్మాణం. గనంతా ఆరు ముఖాల గదులు. ప్రతి ముఖం గోడో, పక్క గదికి దారో అవుతుంది. ఓడ ఉన్న గదితో మొదలుపెట్టి, తెరిచిన ముఖాల గుండా కనిపించేంతవరకే బొమ్మ గీస్తారు.

పాత ఆటను కొత్త కంప్యూటర్లో నడిపేటప్పుడు ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు గీసే బొమ్మల సంఖ్యను, సుమారు 30కి కట్టేయండి. వెంటపడే క్షిపణి ఫ్రేము ఫ్రేముకూ దిశ దిద్దుకుంటుంది. ఫ్రేములు పెరిగితే మలుపు పదునెక్కి, మూల తిరిగినా వదలదు.