త్రీ నాట్ త్రీ తప్పుల లెక్క

చిన్నప్పుడు మా ఊరి పోలీస్ స్టేషన్ గుమ్మంలో సెంట్రీ భుజాన చూసిన తుపాకీని మొదటిసారి చేతిలోకి తీసుకున్నది మాత్రం ఇంగ్లండులో. సర్రే కౌంటీలో బిస్లీ అనే ఊరుంది. బ్రిటన్ రైఫిల్ పోటీలు 1890 నుంచి అక్కడ జరుగుతున్నాయి. పాత సైనిక రైఫిళ్లంటే పడిచచ్చే మిత్రుడొకడు ఒక శనివారం నన్ను అతిథిగా తీసుకెళ్లాడు. పెట్టె తెరిచి లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటిది.

"ఇది మన త్రీ నాట్ త్రీ కదరా!" అన్నాను.

అదే. దీనికి అన్న వరసయ్యే మార్క్ 3 రకాన్ని బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో దశాబ్దాలపాటు తయారుచేశారు. 303 అంటే గొట్టం లోపలి వ్యాసం, అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 303. మన లెక్కలో 7.7 మిల్లీమీటర్లు.

ఎర్రజెండా ఎగిరింది, చెవులకు మఫ్స్ పెట్టుకున్నాం, 200 గజాల దగ్గర బోర్లా పడుకున్నాం. గురి సూటిగా చూస్తే బుల్లెట్ సూటిగా పోతుందనే అనుకున్నాను. పోదు. సెకనుకు 744 మీటర్ల వేగంతో బయటపడిన ఆ పదకొండు గ్రాముల లోహం, గొట్టం దాటిన క్షణం నుంచే కిందికి పడడం మొదలుపెడుతుంది. 200 గజాలు చేరడానికి పావు సెకను పైచిలుకు పడుతుంది. ఆలోగా సుమారు 35 సెంటీమీటర్లు జారుతుంది. 300 గజాలకైతే 80 దాటుతుంది. మామిడి తోపులో రాయి విసిరే పిల్లాడికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, వాడు కాయకు పైనే గురి చూస్తాడు. రైఫిల్‌లో ఆ పని వెనక సైట్, అంటే గురి చూసే సాధనం, చేస్తుంది. దాని మీద 200 నుంచి 1300 వరకు గజాల అంకెలుంటాయి. సైట్ పైకి జరిపితే, మన చూపు లక్ష్యం మీదే ఉన్నా, గొట్టం మూతి కాస్త ఆకాశం వైపు లేస్తుంది.

నా అసలు ఇబ్బంది కళ్లతో వచ్చింది. నలభై దాటాక వచ్చే చత్వారం వల్ల ముందు సైట్ పుల్ల మసకబారింది. కన్ను ఒకేసారి రెండు దూరాల మీద నిలవదు. నంబర్ 4 వెనక సైట్ చిన్న రంధ్రం కావడం నా అదృష్టం. కాగితానికి సూదితో బెజ్జం పెట్టి చూస్తే అక్షరాలు తేటపడతాయి చూడండి, అదే కిటుకు. అయినా ముందు పుల్లను అర మిల్లీమీటరు తప్పుగా నిలిపితే 100 గజాల దగ్గర గుండు ఆరు సెంటీమీటర్లు తప్పుతుంది. ఈ పోటీలు బిస్లీకి మారకముందు, 1860లో వింబుల్డన్‌లో తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించినప్పుడు రైఫిల్‌ను స్టాండుకు బిగించి, ఆమె చేత తాడు మాత్రం లాగించారు. 400 గజాల లక్ష్యం నడిమధ్యకు దగ్గరగా తగిలింది. మనిషిని పక్కన పెడితే తుపాకీ ఎంత చక్కగా కొడుతుందో!

మరి తుపాకీ తప్పులు? ఇక్కడే నాకు ఆ రోజంతా నచ్చిన కథ ఉంది.

పాత తూటా విప్పితే లోపల మందు సేమ్యా పుల్లల్లా ఉంటుంది. దాన్ని కార్డైట్ అంటారు. మన నీలగిరుల్లో అరువంకాడు ఫ్యాక్టరీ పెట్టింది దీనికోసమే. ఏ రెండు తూటాలూ సరిగ్గా ఒకే వేగం ఇవ్వవు. నెమ్మదిగా వెళ్లేది ఎక్కువ జారుతుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ గుళ్లు పైకీ కిందికీ చెదిరిపోవాలి. కానీ లీ ఎన్‌ఫీల్డ్ బోల్టు, అంటే తూటాను వెనకనుంచి మూసి పట్టే కడ్డీ, జర్మన్ రైఫిల్ మౌజర్‌లా ముందు కాకుండా వెనకవైపు బిగుసుకుంటుంది. పేల్చినప్పుడు బోల్టు కూర్చునే ఉక్కు శరీరం రవ్వంత సాగుతుంది. దాని రెండు పక్క గోడలూ ఒకేలా ఉండవు, అందుకని సమంగా సాగదు. గొట్టం వెదురు గెడ విదిలించినట్టు ఊగుతుంది. బుల్లెట్ మూతి దగ్గరికి వచ్చే సమయానికి మూతి పైకి లేస్తూ ఉంటుంది. వేగంగా వచ్చింది ముందే, మూతి కాస్త కిందున్నప్పుడు వెళ్లిపోతుంది. నెమ్మదిగా వచ్చింది ఆలస్యంగా, మూతి ఇంకాస్త లేచాక బయటపడుతుంది. ఎక్కువ జారాల్సిన దానికి ఎక్కువ ఎత్తు దొరికిందన్నమాట. చాలా దూరం పోయాక రెండూ దాదాపు ఒకే చోట తగులుతాయి. దగ్గరి లక్ష్యాల మీద అంతంతమాత్రంగా కొట్టే ఈ రైఫిల్ 900, 1000 గజాల దగ్గర మంచి పేరు తెచ్చుకున్నది ఇలాగే. ఎవరూ కోరి పెట్టిన గుణం కాదనే నా అనుమానం.

మధ్యాహ్నం 300 గజాల కాల్పులప్పుడు టార్గెట్ల కింద, గోడ చాటు కందకంలో మార్కింగ్ పని, అంటే గుండు తగిలిన చోటు గుర్తుపెట్టి చూపే పని, నాకు పడింది. తల మీదుగా ముందు 'ఠప్' అని చెంప మీద కొట్టినట్టు, ఆ తర్వాత దూరంగా 'ధుమ్' అని వినిపిస్తుంది. మొదటిది ధ్వనిని మించిన వేగంతో వచ్చే బుల్లెట్ గాలిని చీల్చిన చప్పుడు, రెండోది రైఫిల్‌ది. బుల్లెట్‌కు 0.4 సెకను చాలు, తుపాకీ శబ్దానికి 0.8 పడుతుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య అంకెలు లెక్కపెట్టినట్టే, సైనికులు ఈ ఎడాన్ని బట్టి దూరం అంచనా కట్టేవారు.

సాయంత్రం మిత్రుడు కెటిల్‌లో నీళ్లు మరిగించాడు. టీ కోసమనుకున్నాను. మేం కాల్చిన పాత మిగులు తూటాల ప్రైమర్‌లో, అంటే తూటా అడుగున మందుకు నిప్పంటించే భాగంలో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా, అంటే ఒక రకం ఉప్పుగా మారి గొట్టం నిండా అంటుకుంటుంది. వానాకాలం మన ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే అదీ తేమను లాగి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. నూనెలో ఉప్పు కరగదు, నీళ్లే కావాలి. గరాటా పెట్టి పోస్తుంటే మూతిలోంచి బూడిద రంగు నీళ్లు కారాయి. కెటిల్ ఖాళీ అయ్యేసరికి తేటపడ్డాయి. గొట్టం చేయి పెట్టలేనంత వేడెక్కి దానంతటదే ఆరిపోయింది. నూనె గుడ్డ లాగాక ఆకాశం వైపు ఎత్తి లోపలికి చూడమన్నాడు. బుల్లెట్‌ను సెకనుకు దాదాపు 2,900 చుట్లు బొంగరంలా తిప్పే గాడులు ఎడమవైపు మెలితిరుగుతూ మెరుస్తున్నాయి. లెక్కపెట్టాను, ఐదు. యుద్ధం తొందరలో రెండు గాడులతోనే సరిపెట్టినవీ ఉన్నాయట, అవీ బాగానే కొట్టేవట.