ఇటలీ పల్లెల్లో వారం రోజుల వంటల యాత్ర: అపోహలు - వాస్తవాలు

సెలవులు దగ్గరపడుతున్నాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఉత్తర ఇటలీలోని ఎమీలియా-రొమాన్యాలో నాలుగు రోజులు, దాన్ని ఆనుకునే ఉన్న టస్కనీలో మూడు రోజులు. పదిమందికి మించకుండా మన తెలుగువాళ్లను వెంటబెట్టుకెళ్లి, చీజ్ చేసేచోట, వెనిగర్ మాగేచోట, పాస్తాకి పిండి కలిపేచోట కూర్చోబెట్టడం నా పని. ఎవరు ఫోన్ చేసినా తిరిగి తిరిగి అవే మాటలు వినిపిస్తాయి. అందులో కొన్ని నిజం కావు. డబ్బు కట్టకముందే అవి తెలియాలని ఇది రాస్తున్నాను.

అపోహ: "చీజే కదండీ, వెజ్ వాళ్లకు ఇబ్బందేముంది?"

అన్నిటికన్నా ముందు దీని గురించే చెప్పాలి. ఎందుకంటే ఇందులో నేనే ఒకసారి తప్పు చేశాను.

పార్మిజానో రెజ్జానో చీజ్‌ను పార్మా, రెజ్జో ఎమీలియా, మోడెనా జిల్లాల్లో, బొలోన్యా, మాంటోవా జిల్లాల్లో కొంత భాగంలో మాత్రమే చేయాలి. పొద్దున్నే ఎనిమిదింటికల్లా అక్కడ ఉండాలి, పది దాటితే చూడ్డానికి పెద్దగా ఏమీ మిగలదు. తలకిందులుగా పెట్టిన గంటల్లాంటి పెద్ద పెద్ద రాగి పాత్రలు వరసగా ఉంటాయి. రాత్రంతా ఉంచి మీగడ తీసిన సాయంత్రం పాలు, అప్పుడే పితికిన పొద్దుటి పాలు కలిపి వాటిలో పోస్తారు. నిన్నటి చీజ్ నుంచి మిగిల్చిన పాలతేట కొంచెం కలుపుతారు. మనం తోడు వేసినట్టే. తర్వాత పాలను గడ్డకట్టించే రెనెట్ అనే పదార్థం వేస్తారు. పది నిమిషాలు తిరిగేసరికి పాలన్నీ గడ్డకట్టేస్తాయి. ఆ గడ్డను తీగల బుట్టలాంటి పనిముట్టుతో బియ్యపు గింజంత ముక్కలయ్యేదాకా చిదిపి, 55 డిగ్రీల దాకా వేడిచేస్తారు. అంతా అడుగుకు చేరాక నార గుడ్డలో మూటకట్టి పైకి లాగి, రెండుగా కోస్తారు. చక్రంలా ఉండే ఒక్కో చీజ్‌కు సుమారు 550 లీటర్ల పాలు పడతాయి. మాగాక తూకం 40 కిలోల దాకా ఉంటుంది. మూడు వారాల పాటు ఉప్పునీటిలో ఉంచి, తర్వాత కనీసం 12 నెలలు చెక్క అరల మీద మాగబెడతారు.

ఆ రెనెట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? పాలు తాగే లేగదూడ కడుపులోంచి. దూడను కోశాకే అది దొరుకుతుంది. పార్మిజానోకు ఆ రెనెటే వాడాలన్నది నియమం. అలాంటిదే ఇంకో గట్టి చీజ్, గ్రానా పదానోకి కూడా అంతే.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో రాజమండ్రి నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. ఉల్లిపాయ కూడా ముట్టరు. రెండు రోజులుగా పొద్దున టిఫిన్‌లో ఆ చీజ్ ఇష్టంగా తింటున్నారు. మూడో రోజు పాత్ర పక్కన నిలబడి "ఆ పోసిందేమిటమ్మా?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. బయటికెళ్లి పశువుల కొట్టం పక్కన అరుగు మీద కూర్చుండిపోయారు. ఆ మాట ముందే చెప్పాల్సింది నేను. ఇప్పుడు మొదటి ఫోన్‌లోనే చెప్పేస్తున్నాను. తినాలా వద్దా అన్నది మీ ఇష్టం, తెలిసి తినండి.

అయితే తినడానికేమీ ఉండదని భయపడొద్దు. మొక్క నుంచి తీసిన రెనెట్‌తో చేసే చీజ్‌లు కూడా దొరుకుతాయి. లేబుల్ మీద "కాల్యో వెజెటాలే" అన్న మాట కోసం చూడండి. మాస్కర్పోనే అనే మెత్తటి మీగడ చీజ్‌ను నిమ్మ ఉప్పులాంటి పులుపుతో విరగ్గొడతారు కాబట్టి దానికి రెనెట్ అక్కర్లేదు. గుడ్డు తిననివాళ్లు ఎండు పాస్తా అడగండి. అది గట్టి గోధుమ రవ్వ, నీళ్లు, అంతే. ఎమీలియాలో చేత్తో చేసే పచ్చి పాస్తాలో మామూలుగా గుడ్డు ఉంటుంది. ఇంకో సంగతి. వేడివేడిగా బుట్టలో తెచ్చిపెట్టే ఎమీలియా పూరీ, న్యోక్కో ఫ్రిత్తో, అచ్చం మన పూరీలాగే పొంగి ఉంటుంది. సంప్రదాయంగా దాన్ని పంది కొవ్వులో వేయిస్తారు. నూనెలో వేయించేవాళ్లూ ఉన్నారు, అడిగి తినాలి.

ఈ పశువుల కొట్టాల్లో పనిచేసేవాళ్లలో మన పంజాబీలు చాలామంది. పో నది మైదానంలో పాడి పని చాలావరకు వాళ్ల చేతుల మీదుగానే నడుస్తోంది. రెజ్జో ఎమీలియా జిల్లా నోవెల్లారాలో 2000లో కట్టిన పెద్ద గురుద్వారా ఉంది. ఒక పొద్దున మా గుంపును చూసి తలపాగా పెట్టుకున్నాయన పాల క్యాన్ కింద పెట్టి "హైదరాబాద్ సే?" అని అడిగితే, మా వాళ్ల మొహాలు వెలిగిపోయాయి.

అపోహ: "బొలోన్యా వెళ్లి స్పగెట్టి బొలొనీస్ తినకపోతే ఎలా?"

బొలోన్యా ఇళ్లలో అలాంటి వంటకం లేదు. అక్కడ రాగూను, అంటే సన్నగా ఉడికించిన మాంసం కూరను, తల్యతెల్లె అనే వెడల్పాటి గుడ్డు పాస్తాతో కలుపుతారు. ఆ పాస్తా వెడల్పు ఉడికాక 8 మిల్లీమీటర్లుండాలని 1972లో అక్కడి వాణిజ్య మండలిలో నమోదు చేయించారు. బంగారంతో ఒక నమూనా కూడా చేయించి పెట్టారు. రాగూ పద్ధతిని 1982లో నమోదు చేశారు.

మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది వేరే ఉంది. రాగూలో గొడ్డు మాంసం ఉంటుంది, పంది మాంసం కూడా ఉంటుంది. తొర్తెల్లీని అనే చిన్న చిన్న పాస్తా మడతల లోపలి కూరులో పంది మాంసమే. "నాన్‌వెజ్ తింటాం" అని మాత్రమే చెప్తే చాలదు, ఏ మాంసం తింటారో నాకు రాసివ్వండి. చికెన్ వంటలు అక్కడి మెనూల్లో మనం అనుకున్నన్ని ఉండవు.

పాస్తా చేయడం మాత్రం మన ఆడవాళ్లకు, వంటింటి అలవాటున్న మగవాళ్లకు చకచకా వచ్చేస్తుంది. 100 గ్రాముల మెత్తటి గోధుమపిండికి ఒక గుడ్డు. పిసికి, మూతపెట్టి అరగంట ఉంచుతారు. అప్పడాల కర్రకు మూడు రెట్ల పొడవున్న కర్రతో పెద్ద చెక్కబల్ల మీద వత్తుతారు. మనం చపాతీని కిందకి నొక్కి వత్తుతాం. అక్కడ పిండిని కర్రకు చుట్టుకుంటూ, రెండు అరచేతులూ మధ్య నుంచి అంచులకు జరుపుతూ సాగదీస్తారు. మొదటి పది నిమిషాలు అందరూ చపాతీయే వత్తుతారు. నేర్పే ఆవిడ వెనక నుంచి వచ్చి మన చేతుల మీద తన చేతులు పెట్టి జరుపుతుంది, భాషతో పనిలేదు. పల్చగా వచ్చాక పిండిని కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే అవతలి చెట్లు కనిపించాలి.

అపోహ: "మార్కో పోలో చైనా నుంచి పాస్తా తెచ్చాడు."

కాదు. ఆయన వెనిస్‌కు తిరిగొచ్చింది 1295లో. అరబ్బు భూగోళ శాస్త్రవేత్త అల్ ఇద్రీసీ 1154లోనే సిసిలీలోని త్రబియాలో పాస్తా చేసి ఓడల్లో ఎగుమతి చేస్తున్నారని రాశాడు.

అపోహ: "బాల్సమిక్ వెనిగరా? మా సూపర్ మార్కెట్‌లో దొరుకుతుంది."

అక్కడ దొరికేది కూడా నకిలీ కాదు, కానీ వేరే సరుకు. అది వైన్ వెనిగర్, ద్రాక్షరసం కలిపి చేసింది. కనీసం 60 రోజులు ఉంచితే చాలు. మోడెనా సంప్రదాయ బాల్సమిక్‌లో కాచిన ద్రాక్షరసం తప్ప మరేమీ ఉండదు. కనీసం 12 ఏళ్లు, "ఎక్స్‌ట్రావెక్యో" అని రాయాలంటే 25 ఏళ్లు మాగాలి.

అందరూ నేలమాళిగ ఉంటుందనుకుంటారు. ఉండదు, అటక ఎక్కాలి. ఎండాకాలం వేడికి రసం ఆవిరై చిక్కబడాలి, చలికాలంలో నిద్రపోవాలి. అందుకే ఇంటి పైకప్పు కిందే పెడతారు. ఓక్, చెస్ట్‌నట్, చెర్రీ, మల్బరీ చెక్కలతో చేసిన పీపాలు పెద్దదాని పక్కన చిన్నది చొప్పున వరసగా ఉంటాయి. ఏడాదికోసారి అన్నిటికన్నా చిన్నదాంట్లోంచి కొంచెం తీస్తారు. ఆ వెలితిని దాని పక్క పీపాలోంచి నింపుతారు. అలా జరుగుతూ పోయి, పెద్ద పీపాలో కొత్త రసం పోస్తారు. కూతురు పుడితే ఒక వరస మొదలుపెట్టి పెళ్లికి ఇవ్వడం అక్కడి పాత ఆనవాయితీ. సీసా 100 మిల్లీలీటర్లే, ఖరీదు గట్టిగానే ఉంటుంది. చెంచాలో రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని కాసేపు మాట్లాడకుండా ఉండండి. పులుపు, తీపి, చెక్క వాసన ఒకదాని వెనక ఒకటి వస్తాయి. సలాడ్ మీద మాత్రం దయచేసి పోయకండి.

అపోహ: "వారంలో రోమ్, వెనిస్, నేపుల్స్ కూడా కలిపేయండి."

కలిపితే రైళ్లే చూస్తారు. ఇటలీలో 20 ప్రాంతాలు, ఒక్కోదాని వంట వేరు. ఆవుల్ని పితికే వేళ మనకోసం మారదు. ఊళ్లో హోటళ్ల వంటిళ్లు మధ్యాహ్నం రెండున్నరకు మూస్తే మళ్లీ రాత్రి ఏడున్నరకే తెరుస్తారు. మూడింటికి భోంచేసే అలవాటున్నవాళ్లకు మొదటి రోజు ఆకలితో గొడవే. నెల కూడా చూసుకోవాలి. ఆలివ్ గానుగ తిరిగేది అక్టోబరు, నవంబరుల్లో. ఆగస్టు 15న వాళ్లకు పెద్ద సెలవు, ఆ చుట్టుపక్కల చాలా దుకాణాలు మూసేస్తారు. పిల్లల సెలవులు మేలో కాబట్టి మేలోనే వస్తామంటారు. చీజ్ అప్పుడూ చేస్తారు, గానుగ మాత్రం కనిపించదు.

గానుగ మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. నూనె ఎంత పచ్చగా ఉంటే అంత మంచిదన్నది తప్పు. రుచి చూసి నాణ్యత తేల్చేవాళ్లు నీలం గాజు కప్పులో పోసుకుంటారు, రంగు కళ్లబడకూడదనే. కొత్త నూనె గొంతులో మంటపెట్టి దగ్గు తెప్పిస్తే అది పాడైందని కాదు, తాజాది అని. మా గుంపులో ఎవరైనా దగ్గితే గానుగాయన సంతోషపడతాడు.

అపోహ: "పచ్చళ్లు, పొడులు లేకపోతే వారం గడవదు."

తెచ్చుకోండి, నేను కాదనను. నెయ్యి మాత్రం పెట్టుకోవద్దు. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం సామాన్లలో తేవడానికి వీల్లేదు. తెచ్చిన సీసాను మొదటి మూడు రోజులు మూత తీయకండి, ఇది నా కోరిక. నాలుక కారానికి అలవాటుపడి ఉంటే ఆ వంటలు మొదట చప్పగానే అనిపిస్తాయి. మూడో రోజుకు ఉల్లి, క్యారెట్, సెలెరీ సన్నగా వేగిన కమ్మదనం తెలియడం మొదలవుతుంది.

తర్వాత టస్కనీ చేరతాం. అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు. మాంసం, చీజ్ బాగా ఉప్పగా ఉంటాయి కాబట్టి రొట్టె చప్పగా ఉండాలంటారు. పోయినసారి మేం దిగిన పొలం ఇంట్లో ఆఖరి రాత్రి ఒకాయన ఆవకాయ సీసా తీసి, ఆ చప్పటి రొట్టె ముక్క మీద పిండి, నూనె రాసి ఇంటావిడకిచ్చారు. ఆవిడ కొరికి, మంచినీళ్లు తాగి, ఇంకో ముక్క కోసుకుంది. తర్వాత కాగితం, పెన్ను తెచ్చి ఆవపిండి ఎంత వేయాలో రాయించుకుంది.