మంగళగిరి చీరను తెర మీద అమ్మడం: అపోహలు - వాస్తవాలు

మంగళగిరిలో పానకాల స్వామి దర్శనం చేసుకుని కొండ దిగినవాళ్లు ఊళ్లో ఓ చీర కొనుక్కుని వెళ్లడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. దుకాణంలో కూర్చున్న ఆవిడను కాసేపు గమనించండి. ముందు కొంగు విప్పమంటుంది. అంచును బొటనవేలితో రుద్ది చూస్తుంది. ఒక పొర కింద అరచెయ్యి పెట్టి, చెయ్యి ఎంతవరకు కనబడుతోందో చూసుకుంటుంది. ఆ తరువాత చీరను గుమ్మం దాకా పట్టుకెళ్లి వెలుతురులో రంగు సరిచూసుకుంటుంది. ధర అడిగేది అప్పుడే.

ఇక్కడి నేత కుటుంబాల చీరలను అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి వేదికల మీద అమ్మకానికి పెట్టడం నా పని. ఫొటోలు తీస్తాను, పేరూ వివరాలూ రాస్తాను, వెనక్కి వచ్చిన ప్రతి చీరకూ కారణం వెతుకుతాను. నా అనుభవంలో మంచి లిస్టింగ్ (ఒక చీరకు వేదిక మీద ఉండే ఫొటోలు, పేరు, వివరాల పేజీ) అంటే ఒక్కటే: ఆవిడ దుకాణంలో చేసిన ఆ నాలుగు పనులనూ ఆవిడ చెయ్యి తగలకుండానే చేసిపెట్టేది. చాలామంది అమ్మకందారులు ఇది వదిలి చిట్కాల వెంట పరుగెడుతున్నారు. వారంవారం నాకు వినబడే అపోహలివి.

అపోహ: ఖరీదైన కెమెరా లేకపోతే ఫొటోలు బాగా రావు.

వాస్తవం: మామూలు ఫోను చాలు. లోపం వెలుతురులో ఉంటుంది. ట్యూబులైటు కింద తీసిన పసుపు చీర ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది, పసుపు రంగు బల్బు కింద తీసిన తెల్ల చీర గోధుమ వన్నెకు తిరుగుతుంది. ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య ఎండ నేరుగా పడని వరండాలో చీర పరచండి. ఇంట్లో దీపాలన్నీ ఆపేయండి, కిటికీ వెలుతురూ దీపం వెలుతురూ కలిస్తే ఏ రంగూ నిజం చెప్పదు. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ముందు ఒక ఫొటో తీయండి. ఆ కాగితం తెరమీద తెల్లగా కనబడితే చీర రంగు కూడా సరిగానే వచ్చినట్లు.

ఎరుపుతోనే ఎక్కువ జాగ్రత్త. రాణి రంగు, మిరపపండు ఎరుపు, కుంకుమ రంగు ఫోను కెమెరాలకు కష్టం. వెలుతురు కాస్త ఎక్కువైతే చాలు, నేత గీతలన్నీ కరిగిపోయి ఎర్రటి ముద్దలా మిగులుతుంది. తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే వెలుతురును తగ్గించే వీలు చాలా ఫోన్లలో ఉంటుంది. కొద్దిగా తగ్గించి తీయండి, పోగులు మళ్లీ కనబడతాయి.

పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) ఇంకో రంగుగా నేసిన డబుల్ షేడ్ చీర గురించి విడిగా చెప్పాలి. నెమలి నీలం పడుగు, ఆకుపచ్చ పేక అనుకోండి. ఎదురుగా చూస్తే ఒక రంగు, పక్కనుంచి చూస్తే మరో రంగు. ఒక్క ఫొటో పెడితే చూసినవాళ్లలో సగం మందికి తప్పు చీర చూపించినట్లే. రెండు కోణాల నుంచి రెండు ఫొటోలు, చేత్తో మెల్లగా ఊపుతూ పదిహేను సెకన్ల వీడియో ఒకటి పెట్టండి. ‘రంగు వేరుగా ఉంది’ అంటూ తిరిగివచ్చే చీరల్లో ఇలాంటివే ఎక్కువగా చూశాను.

అమెజాన్ నియమాలు కొన్ని గుర్తుంచుకోవాలి. ప్రధాన ఫొటో వెనుక స్వచ్ఛమైన తెలుపు ఉండాలి, వస్తువు కనీసం 85 శాతం చోటు నింపాలి, ఫొటో మీద రాతలూ లోగోలూ ఉండకూడదు. పొడవైన వైపు కనీసం 1,000 పిక్సెళ్లు ఉంటేనే పెద్దది చేసి చూసే వీలుంటుంది. చీర విషయంలో ఈ చివరి నియమమే ప్రాణం. అంచును బొటనవేలితో రుద్దినట్లు ఆవిడ తెరమీద రెండు వేళ్లతో సాగదీసి చూస్తుంది. అప్పుడు మసకబారితే అక్కడే ఆగిపోతుంది.

మిగతా ఫొటోల్లో నేను తప్పక పెట్టేవి: కొంగు పూర్తిగా విప్పినది, అంచు పక్కన టేపు ఉంచినది, ఒక పొర కింద అరచెయ్యి పెట్టినది, బ్లౌజు ముక్క విడిగా ఉన్నది. టేపు లేకపోతే రెండంగుళాల అంచు కొందరికి నాలుగంగుళాలుగా తోస్తుంది. అరచెయ్యి ఫొటో పెట్టవద్దని మొదట్లో ఒక నేత కుటుంబం పట్టుబట్టింది, చీర పలచన అనుకుంటారని. చీర పలచగా ఉందని రెండు పార్సిళ్లు తిరిగి వచ్చాక వాళ్లే పెట్టమన్నారు. పలచటి నూలు చీర కోసం వెతికేవాళ్లు వేసవిలో ఎందరో ఉంటారు. చీర వాళ్లకు చేరాలి, వద్దనుకునేవాళ్లు కొనకముందే ఆగిపోవాలి.

అపోహ: చీర కట్టుకున్న మోడల్ బొమ్మను ఏఐ యాప్‌లో తయారుచేసుకుంటే ఫొటోల ఖర్చు తప్పుతుంది.

వాస్తవం: ఈ ఏడాదిలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. మంగళగిరి నిజాం అంచులో చిన్నచిన్న గోపురాల వరుస ఉంటుంది. ఒళ్లంతా సాదాగా ఉండి, పనితనం అంచులోనూ కొంగులోనూ కనబడడమే ఈ చీర అందం. ఒక నేతగాడి చీరను యాప్‌కు ఇస్తే మోడల్ ముఖం చక్కగా వచ్చింది. అంచు దగ్గర గోపురాలు పోయి తామరపూలు వచ్చాయి. కొంగులోని జరీ చారలు లెక్క తప్పాయి. చూసినవాళ్లు తామరపూల చీర ఆర్డరు చేశారు, వాళ్లకు గోపురాల చీర అందింది. అతను నేసింది మంచి చీర, కానీ కొన్నవాళ్ల దృష్టిలో మోసం చేసింది అతనే. నేపథ్యం శుభ్రం చేయడానికి యాప్ వాడుకోండి. నేతను మాత్రం ముట్టుకోనివ్వకండి. ఇంట్లో ఆడపడుచో కోడలో చీర కట్టుకుని వరండాలో నిలబడిన ఫొటో, ముఖం కనబడకపోయినా సరే, దానికన్నా ఎంతో మేలు.

అపోహ: పేరులో ఎన్ని పదాలు కుక్కితే అంత ఎక్కువమందికి కనబడుతుంది.

వాస్తవం: ‘చీర చీరలు మహిళల చీర పార్టీ చీర పెళ్లి చీర కొత్త చీర 2025’ వంటి పేర్లు రోజూ చూస్తాను. అమెజాన్‌లో పేరుకు పరిమితి చాలా విభాగాల్లో 200 అక్షరాలు, కొన్నింట్లో ఇంకా తక్కువ. 2025 జనవరి నుంచి ఒకే పదం రెండుసార్లకు మించి రాకూడదన్న నియమం కూడా వచ్చింది. అంతకన్నా ముఖ్యమైనది, ఫోను తెరమీద వెతుకులాట ఫలితాల్లో పేరు మొదటి భాగమే కనబడుతుంది. ఆ కాస్త చోటులో ఊరి పేరు, నూలో పట్టో, చేనేత అన్న మాట, రంగు, అంచు రకం వచ్చేయాలి. ‘మంగళగిరి చేనేత నూలు చీర, ఆవపువ్వు పసుపు, ఎర్రటి నిజాం అంచు, బ్లౌజు ముక్కతో’ అని ఉంటే చదివినవాళ్ల కళ్ల ముందు చీర కదలాలి. ‘అద్భుతమైన’, ‘అత్యుత్తమ’ వంటి మాటలు ఎవరూ వెతకరు.

అపోహ: తెలుగు పదాలు ఎంత ఎక్కువ పెడితే తెలుగువాళ్లు అంత ఎక్కువగా వస్తారు.

వాస్తవం: ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ 2020లోనే తెలుగులో చూసుకునే వీలు కల్పించాయి, కాబట్టి తెలుగు లిపిలో వెతికేవాళ్లు ఉన్నారు. అయితే కొనేవాళ్లకు కనబడని వెతుకుడు పదాల గడి ఒకటి ఉంటుంది, అమెజాన్‌లో దాని పరిమితిని బైట్లలో లెక్కిస్తారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో హల్లుకు మూడు, గుణింతపు గుర్తుకు ఇంకో మూడు. ‘చీర’ అని తెలుగులో రాస్తే తొమ్మిది బైట్లు, ఇంగ్లీషులో ‘saree’ అని రాస్తే అయిదు. ‘మంగళగిరి’ ఒక్కటే తెలుగులో 24 బైట్లు తింటుంది. పరిమితి దాటితే మీరు పెట్టిన పదాలు లెక్కలోకి రాకుండా పోవచ్చు. అందుకే తెలుగులో రెండు మూడు ముఖ్యమైన పదాలు చాలు.

మిగతా చోటును ఊరి పేరును జనం తప్పుగా రాసే రూపాలకు ఇవ్వండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఒకలా, బెంగళూరులో ఉన్నవాళ్లు మరోలా, ఉత్తరాదివాళ్లు ‘మంగల్‌గిరి’ అనీ రాస్తారు. పేరులో ఇప్పటికే ఉన్న పదాన్ని ఈ గడిలో మళ్లీ పెట్టడం చోటు దండగ.

అపోహ: వివరాల గడులు ఎవరూ చదవరు, తప్పనిసరి అన్నవి నింపితే చాలు.

వాస్తవం: మనుషులు చదవకపోయినా జల్లెడ చదువుతుంది. కొనేవాళ్లు పక్కనున్న ఫిల్టర్లలో ‘నూలు’ అనో, ‘జరీ అంచు’ అనో, ‘బ్లౌజు ముక్కతో’ అనో ఎంచుకుంటారు. మీరు ఆ గడి ఖాళీగా వదిలితే, చీరకు జరీ అంచు ఎంత ఘనంగా ఉన్నా ఆ జల్లెడలోంచి జారిపోతుంది. ఫొటోలు బాగుండి, ధర సరిగా ఉండి, అమ్మకాలు లేని లిస్టింగు నా దగ్గరకు వస్తే నేను మొదట తెరిచేది ఈ గడులనే. ఒకసారి నలభై చీరలకు ‘బట్ట రకం’ అన్నచోట ‘ఇతరం’ అని ఉంది. అన్నీ నూలు చీరలే.

వివరణలో రాయవలసినవి పొగడ్తలు కావు, దుకాణంలో అడిగే ప్రశ్నలకు జవాబులు. చీర పొడవెంత, బ్లౌజు ముక్క అందులో కలిసి ఉందా విడిగానా, నూలు కౌంటు (దారం సన్నదనం) ఎంత, బరువు ఎన్ని గ్రాములు. కొత్త నూలు చీరకు గంజి ఉంటుందని, ఒకటి రెండు ఉతుకులకు మెత్తబడుతుందని రాయండి. ‘గరుకుగా ఉంది’ అన్న ఫిర్యాదు అప్పుడు తగ్గుతుంది. ముదురు రంగు మొదటి ఉతుకులో కాస్త వదలవచ్చు, విడిగా ఉతకమని ముందే చెప్పండి. తయారీదారు వివరాలు, ఏ దేశంలో తయారైందన్నది చూపడం చట్టప్రకారం కూడా తప్పనిసరి.

అపోహ: పెద్ద ధర చూపించి, దాన్ని గీతతో కొట్టేసి తక్కువ ధర రాస్తే కొనేస్తారు.

వాస్తవం: 4,999 కొట్టేసి 1,499 అని రాసిన నూలు చీర పక్కన, 1,650కి నికరంగా పెట్టిన చీర నిలబడగలదు, ఎందుకు అంత ధరో చెప్పగలిగితే. మగ్గం మీద ఎన్ని రోజులు పట్టిందో రాయండి. 70 శాతం తగ్గింపు చూసినవాళ్లకు కలిగే మొదటి అనుమానం ఇది మరమగ్గం బట్టేమోనని. చేనేతకు ఆ అనుమానం తెచ్చిపెట్టుకోవడం కన్నా నష్టం లేదు.

అపోహ: ప్రకటనకు డబ్బు పెడితే అమ్ముడుపోతుంది.

వాస్తవం: ప్రకటన మనిషిని గుమ్మం దాకా తెస్తుంది, అంతవరకే. లెక్క వేసుకుని చూడండి. నొక్కిన ప్రతిసారీ ఆరు రూపాయలు పోతాయనుకుంటే, వంద మంది నొక్కితే 600. వందలో ఒక్కరు కొంటే ఆ చీర మీద 600 ఖర్చు, నేతగాడి కూలి అందులోనే కొట్టుకుపోతుంది. ముగ్గురు కొంటే చీరకు 200. ఒకరిని ముగ్గురిగా చేసేది ఫొటోలూ వివరాలూ. అవి సరిచేసేదాకా ప్రకటన ఆపి ఉంచమనే నేను చెబుతాను.

అపోహ: మొదట్లో నాలుగు మంచి రివ్యూలు మనమే రాయించుకోవాలి.

వాస్తవం: వద్దు. అమ్మకందారు తానే కొనుగోలుదారుగా నటించి రివ్యూలు పెట్టడాన్ని 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు నిషేధిస్తున్నాయి. వేదికలు ఖాతాను కూడా ఆపేస్తాయి. ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లు రాసింది కోపం తెచ్చుకోకుండా చదవండి, లిస్టింగులో ఏ వాక్యం లేదో వాళ్లే చెబుతారు.

అపోహ: అమ్మకాలు తగ్గితే పాతది తీసేసి కొత్తగా పెట్టాలి.

వాస్తవం: అలా చేస్తే కూడబెట్టిన రివ్యూలు, అమ్మకాల చరిత్ర పోతాయి. చేనేతలో అసలు ఇబ్బంది వేరు. ఒక పడుగు మీద కొన్ని చీరలే దిగుతాయి, అవి అయిపోతే లిస్టింగు ఖాళీ, ఖాళీగా ఉన్న కొద్దీ వెనక్కి పోతుంది. అందుకే మళ్లీ నేయగలిగిన రంగుల జతలను నాలుగైదింటిని ముందే ఎంచుకోమని నేతవాళ్లకు చెబుతాను. అద్దకం దగ్గర రంగు పాళ్లు రాసిపెట్టుకుని, స్టాకు మూడు చీరలకు రాగానే తరువాతి పడుగు ఎక్కించాలి. ఒక్కటే నేసిన ప్రత్యేకమైన చీరలను విడిగా పెట్టండి.

అపోహ: ‘మంగళగిరి’, ‘చేనేత’ అన్న మాటలు అందరూ పెడుతున్నారు, మనమూ పెడితే తప్పేముంది.

వాస్తవం: మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతంలో తయారైనవాటికే చెందుతుంది. వేరేచోట తయారైన బట్టకు ఆ పేరు తగిలించి అమ్మడం 1999 నాటి చట్టం ప్రకారం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా. మరమగ్గం చీర అమ్మేవాళ్లు మరమగ్గం అనే రాసి అమ్ముకోవచ్చు, దానికీ కొనేవాళ్లున్నారు.

నిజంగా గుంత మగ్గం (నేలలో గుంత తవ్వి అమర్చే చేతిమగ్గం) మీద నేసినవాళ్లు మాత్రం ఆ మాట రాసి ఊరుకోకూడదు, చూపించాలి. హ్యాండ్లూమ్ మార్క్ (చేనేత అని ధ్రువీకరించే ప్రభుత్వ గుర్తు) ఉంటే ఆ చీటీ ఫొటో పెట్టండి. చీర తిరగేసిన వైపు ఒక ఫొటో పెట్టండి. నేసేటప్పుడు బట్ట బిగువుగా ఉండడానికి రెండు అంచులకూ గుచ్చే పుల్ల వల్ల అంచు వెంట సన్నటి రంధ్రాలు పడతాయి. ఒకప్పుడు అవి లోపంగా కనబడతాయని ఫొటోల్లోంచి కత్తిరించేవాణ్ని. ఇప్పుడు ఆ రంధ్రాల దగ్గరే కెమెరా పెట్టి తీస్తున్నాను, కింద రెండు ముక్కల్లో కారణం రాస్తున్నాను. గత నెలలో ఒకావిడ ఆర్డరు చేసే ముందు ఒకే ప్రశ్న పంపారు: ‘ఆ రంధ్రాలు నాకు వచ్చే చీరకు కూడా ఉంటాయి కదా?’